ముడి వేసిన పెట్టె

“ఈ పెట్టె ఏదో ఒకరోజు ఇల్లు తగలబెట్టుద్ది పౌలీ, చెప్తన్నా విను,” అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఇల్లు బాగుంది, కంప్యూటరు పెట్టె బాగుంది, నా కూతురు పౌలీనా మంచం మీద బాసిపట్లు వేసుక్కూర్చుని పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తింటోంది. ముందే భయపడటం నాకు అలవాటు. గ్యాసు సిలిండరు మార్చేటప్పుడు వీధిలోకి వెళ్ళి నిలబడతాను. ఫోను మోగితే శిలువ గుర్తు వేసుకుని గాని ఎత్తను. మా ఆయన జోజిరెడ్డి నన్ను “మా ఇంటి సైరను” అంటాడు.

“ఏం తగలబడదమ్మా. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి చూడు.”

“నువ్వు పని చెయ్యనప్పుడు కూడా ఎందుకు తిరుగుతున్నయ్యే? కరెంటు ఎవడబ్బ సొమ్మని?”

“నేను వాడనప్పుడు వేరేవాళ్ళు వాడుకుంటున్నారు. హైదరాబాదులో ఒక ల్యాబు ఉంది. వాళ్ళ లెక్కలు వాళ్ళ మిషన్ల మీదే చేస్తే ఏళ్ళు పట్టుద్దంట. అందుకని ముక్కలు ముక్కలు చేసి మాలాంటి వాళ్ళ ఇళ్ళకి పంపుతారు. నా పెట్టె ఒక ముక్క చేసిద్ది, ఇంకెవరి పెట్టో ఇంకో ముక్క చేసిద్ది.”

“కూలి ఎంతిస్తారు?”

“ఏమీ ఇవ్వరు. నువ్వు మిరపకోతకి బదులుకి పోవా? అట్టాగే.”

“బదులుకి పోతే రేపు వాళ్ళు మన చేలోకి వస్తారే. ఈ ల్యాబు వాళ్ళొచ్చి మనకేం చేస్తారు?”

పౌలీనా ముక్క చప్పరిస్తూ నవ్వింది. “మనకేం పని పడుద్దమ్మా వాళ్ళతో? అది నోరు పడిపోయిన వాళ్ళ కోసం.”

“ఆ మాట అనబాకే,” అని నేను శిలువ గుర్తు వేసుకున్నాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి. కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు. మా రెంటచింతలలో ఎండాకాలం ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. మధ్యాహ్నం వసారాలో నాపరాళ్ళ మీద అడుగు పెడితే కాలు బొబ్బలెక్కుతుంది. అలాంటి ఊళ్ళో, రెండు గదుల ఇంట్లో, పొద్దస్తమానం వేడిగాలి ఊదే పెట్టె ఒకటి. ఎవరికైనా భయం వేస్తుంది.

క్రిస్మస్ వెళ్ళాక నరసరావుపేట కాలేజీ నుంచి ఫోను వచ్చింది. పౌలీనా మెట్ల మీద పడిపోయిందన్నారు. తీరా గుంటూరు ఆసుపత్రికి తీసుకెళితే, ఆమె పడటం వల్ల జబ్బు రాలేదు, జబ్బు వచ్చి పడింది అన్నారు. తల వెనక భాగంలో నరానికి రక్తం అందలేదట. ప్రాణం దక్కింది. చెయ్యి కదలదు, కాలు కదలదు, పెదవి కదలదు. కంటిపాపలు కూడా కదలవు. గొంతులో గొట్టం, పొట్టలో గొట్టం. తెలివి ఉందో లేదో చెప్పలేమన్నారు. ఇంటికి తెచ్చుకున్నాం.

ల్యాబుకి ఫోను చెయ్యాలన్న ఆలోచన జోజిరెడ్డిది. పెట్టె తెర మీద ఆ పని పేరు ‘గొంతుక’ అని, కింద ఫోను నంబరు ఎప్పుడూ కనపడుతూనే ఉండేది. “మన పిల్ల వాళ్ళకింత చాకిరీ చేసింది. అడిగితే తప్పేంది?” అన్నాడు.

అలా వచ్చింది వకుళ. ముప్పై ఏళ్ళుంటాయేమో, పొట్టిగా, భుజానికి బరువైన సంచీతో. పౌలీనా తలకి తీగలు పెట్టి, చెవి దగ్గర రకరకాల మాటలు చెప్పింది. మధ్యమధ్యలో పౌలీనా పేరు, నా పేరు, వాళ్ళ నాన్న పేరు కలిపింది. చేతిలోని కంప్యూటరు పలక చూసుకుని, మా ఇద్దరి వంక తిరిగింది.

“వింటోందండీ. అన్నీ వింటోంది. లోపల మాట్లాడుతూ కూడా ఉండొచ్చు.”

జోజిరెడ్డి గోడకి తల ఆనించి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. వింటోందంటే, ఇన్నాళ్ళూ ఈ మంచం పక్కన అన్న మాటలన్నీ విన్నదన్నమాట. మా ఆడపడుచు వచ్చి “ఇట్టా ఉండేకంటే ప్రభువు తీసుకుపోతే పిల్ల సుఖపడుద్ది వదినా” అన్నది. నేను కాదనలేదు. ముక్కు చీదుకున్నాను. అదీ విన్నది.

ల్యాబు వాళ్ళు హైదరాబాదు తీసుకెళ్ళి పుర్రె కింద సాలెగూడంత పల్చని జల్లెడ ఒకటి అమర్చారు. లోపల మాట పుట్టినప్పుడల్లా ఆ జల్లెడ అలలు అలలుగా పట్టుకుంటుంది. ఏ అల ఏ మాటో తెలియదు. “ఒక్కొక్కరి తల ఒక్కో రకం తాళం ఇన్నమ్మ గారూ,” అంది వకుళ. “ఒకరి తాళంచెవి ఇంకొకరికి పట్టదు. కోట్ల తాళంచెవులు ఒక్కొక్కటే పెట్టి తిప్పి చూడాలి. ఆ తిప్పే పని చేసేవే మీ ఇంట్లో ఉన్నటువంటి పెట్టెలు.”

మాలాంటి కుటుంబాల వాళ్ళందరికీ ఫోనులో ఒక గుంపు ఉంది. అందులోనే పరిచయమైంది నల్గొండ వైపు యాదమ్మ. ఆమె భర్త నర్సయ్య తాడిచెట్టు మీంచి పడి మా పౌలీనా లాగే ఉండిపోయాడు. తాళంచెవి వెతికే వరసలో అతని వంతు మాకంటే ముందుంది. రాసుకునే ఓపిక యాదమ్మకీ లేదు, నాకూ లేదు. ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం.

“అక్కా, మా ఆయనకు మాటొస్తే మొదలు నన్నే తిడ్తడు సూడు,” అనేది. “పెండ్లయినకాడికెల్లి ఒక్కనాడు తిట్టకుంట బువ్వ తినలే. ఇన్ని దినాలది బాకీ ఉన్నది.”

“తిడితే తిట్టనీవమ్మా, మాటంటూ రావాలిగా,” అనేదాన్ని.

“గంతే గదక్కా. తిట్టినా సంగీతమే,” అని నవ్వేది.

ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు గుబులుగా ఉండేది. యాదమ్మకి మొగుడు తిడతాడన్న నమ్మకం ఉంది. నా కూతురు మొదటి మాట ఏమంటుంది? నన్ను పోనివ్వమ్మా అంటే? అప్పుడు నేనేం చెయ్యాలి? ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. గుడిలో ఫాదర్ గారికి కూడా చెప్పలేదు.

ఆ వేసవిలోనే ల్యాబు వాళ్ళొక వెసులుబాటు ఇచ్చారు. గుంపులో చాలామంది పట్టుబట్టి అడిగితే ఇచ్చారు. ఎవరింట్లో పెట్టె ఉంటే వాళ్ళు దాన్ని తమ మనిషికే ముడి వేసుకోవచ్చు. అంటే ఆ పెట్టె ఇక ఉమ్మడి పని చెయ్యదు, ఇంటి పనే చేస్తుంది. తెర మీద ఒక్క మీట నొక్కడమే.

అదే వారంలో గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉన్న మా మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, మంచి ధరకి పోయాయి. జోజిరెడ్డి ఆ డబ్బు తువ్వాలులో చుట్టుకుని వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వకుళకి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

“మా పెట్టెకి లెక్కలు వేగంగా చేసే పెద్ద కార్డు వేయిద్దామనుకుంటన్నాం మేడం. వేసి, మా పిల్లకి ముడి వేస్తాం. తొందరగా అయిద్దా?”

వకుళ ఎదురు ప్రశ్న వేసింది. “జోజిరెడ్డి గారూ, మీ మిరపకాయలు ఊళ్ళో ఉంచుకోకుండా కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెట్టారు?”

“ఎండకి రంగు పోద్ది. తాలు అయిపోతయ్.”

“మిషన్లూ అంతే. మీ ఊరి ఎండలో కొత్త కార్డు సగం బలంతో కూడా పనిచెయ్యదు. ఆ డబ్బే ఇక్కడి నిధికి ఇస్తే చల్లటి గదిలో పెద్ద మిషను కొంటాం. నాలుగింతల పని జరుగుతుంది. ముడి కూడా వెయ్యకండి. ఒక్క పెట్టె ఒక్కరి కోసం చేస్తే ఏళ్ళు పడుతుంది. అన్నీ కలిసి వంతులవారీగా చేస్తేనే అందరికీ త్వరగా అవుతుంది.”

“నీ చల్లటి గదిలో జరిగేది నా బిడ్డ పనా, ఎవరి బిడ్డ పనా?”

“వంతు ఎవరిదైతే వాళ్ళది.”

“మా వంతు ఎప్పుడు?”

“అది చెప్పలేనండీ.”

జోజిరెడ్డి ఫోను పెట్టేసి నా వంక చూశాడు. “నువ్వేమంటావే?”

డబ్బు హైదరాబాదు పంపితే ఏమవుతుందో నాకు తెలియదు. పంపిన డబ్బు కంటికి కనపడదు. కార్డు కనపడుతుంది. కార్డు కొంటే ఇల్లు తగలబడుతుందని భయం. కొనకపోతే పిల్ల అలాగే ఉండిపోతుందని భయం.

“కళ్ళెదురుగా ఉండేదే నయం,” అన్నాను.

కార్డు వచ్చింది. మాచర్ల నుంచి కుర్రాళ్ళు వచ్చి బిగించి వెళ్ళారు. జోజిరెడ్డి మీట నొక్కి ముడి వేశాడు. జల్లెడ నుంచి వచ్చే తీగ పొడుగు చాలదు గనక పెట్టెని పౌలీనా మంచం తలాపుకే పెట్టాం. దాని తెర మీద మా పౌలీనా అలలు కనపడేవి. నీలం గీత లేచి పడుతుండేది. అర్థం కాకపోయినా కూర్చుని చూసేదాన్ని. అందులో నా బిడ్డ ఉంది కదా.

మే నెల వచ్చాక అసలు ఇరకాటం మొదలైంది. మధ్యాహ్నమయ్యేసరికి ఊళ్ళో వోల్టేజీ పడిపోతుంది. కూలరూ పెట్టే కలిపి వేస్తే స్టెబిలైజరు టక్కుమని ఆగిపోయేది. పెట్టె ఆగితే చేస్తున్న ముక్క చెడిపోయి మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. అందుకని కూలరు ఆపేశాం. ఫ్యాను ఒక్కటే ఉంచాం. కిటికీ తీస్తే వడగాలి, మూస్తే పెట్టె గాలి. పౌలీనా నుదుటి మీద చెమట కారేది. నేను తుడుస్తూ, జ్వరమేమో, పుండు పడిందేమో, గొట్టంలోకి చీము దిగిందేమో అని వణికేదాన్ని. నర్సమ్మని పిలిస్తే “జ్వరం లేదు పెద్దమ్మా, ఈ జబ్బుకి చెమటలు మామూలే” అని వెళ్ళిపోయేది. మామూలే అన్న మాట నేను నమ్మను. తడిగుడ్డ వేస్తూనే ఉండేదాన్ని.

ఆ గదిలోంచి నేను బయటికి పోలేను. నేను పోయినప్పుడే పెట్టె అంటుకుంటుందేమో. పెట్టెని ఆపలేను. ఆపినప్పుడే మాట దొరకబోతోందేమో. పౌలీనా మంచానికి అంటుకుపోయింది, నేను పెట్టెకి అంటుకుపోయాను.

సాయంత్రం గుడి గంట కొట్టాక జపమాల చెప్పుకోవడం ఒక్కటే కాస్త ఊపిరాడే సమయం. మంచం పక్కన చాప వేసుకుని, ఒక్కో పూసకీ దేవమాత జపంలో నేను ముందు సగం చెబుతాను, జోజిరెడ్డి వెనక సగం అందుకుంటాడు. పౌలీనా బాగున్నప్పుడు ఆ వెనక సగం ఆమెదే. నా నోట్లో ఆఖరి మాట ఉండగానే అందుకుని గబగబా అప్పగించేసేది. “దేవమాతకి రైలు దాటిపోద్దా ఏందే?” అని తిట్టేదాన్ని. “తొందరగా అయితే తొందరగా అన్నం పెడతావుగా,” అనేది.

ఒకరోజు వకుళ ఫోను చేసింది. “సాయంత్రం పూట మీ దగ్గర్నుంచి ఒక రొద వస్తోందండీ. ఒకే రకం అల, మళ్ళీ మళ్ళీ. ఆ వేళకి మీ ఇంట్లో ఏమైనా జరుగుతుందా? మోటారు వెయ్యడం, మిక్సీ తిప్పడం?”

“ఏం జరగదమ్మా,” అన్నాను. “ఊరకే కూర్చుంటాం.”

“అయితే స్టెబిలైజరు రొద అయ్యుంటుంది. దాన్ని తీసి పక్కన పడేస్తాంలెండి.”

యాదమ్మ మాత్రం ఫోనులో ఎప్పటికప్పుడు చెప్పేది. “ఇంక దగ్గరకొచ్చిందంటున్నరక్కా.” తర్వాత, “జర సల్లబడ్డదంట పని. పెట్టెలు తక్కువైనయంట.” నేను మాట మార్చేదాన్ని. గుంపులో అందరూ ముడులు వేసుకుంటున్నారు. కొందరు మా లాగే పెద్ద కార్డులు కొన్నారు. ఫోటోలు పెడుతున్నారు. కడపాయన ఒకడు పెట్టెకి పూలదండ కూడా వేశాడు.

నర్సయ్య చనిపోయిన సంగతి యాదమ్మే చెప్పింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట.

“ఇంకో నెల ఉంటే మాట దొరికేదంటున్నది వకుళ మేడం,” అంది. ఏడవడం లేదు. గొంతు పొడిగా ఉంది. “మా ఇంట్ల పెట్టె లేదు గదక్కా. మీ అందరి పెట్టెలే మాకు దిక్కు అనుకున్న. ఒక్క తిట్టు... ఒక్క తిట్టన్న తిట్టిపోతే అయిపోతుండె.”

మాది ముడి వేశామని ఆమెకి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసే ఫోను చేసిందేమో అనిపించింది. తెలియకుండా చేసిందేమో అనుకుంటే ఇంకా కష్టమనిపించింది.

జోజిరెడ్డి ఆరోజే మిగిలిన టిక్కీలు కూడా అమ్మి వచ్చాడు. చేతిలో కవరు. “రెండో కార్డు కూడా వేయిద్దామే. ఒక్కదానితో ఎప్పటికయ్యేను?”

“వద్దు.”

“ఎందుకొద్దు? తగలబడుద్దనేగా? పుట్టిన కాడ్నుంచీ ఇదే పాట!”

“నర్సయ్య పోయాడు.”

ఆయన కవరు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. చెప్పిందంతా విన్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“బదులుకి పొయ్యేటప్పుడు ముందు ఎవరి చేలోకి పోతాం?” అన్నాను. “మబ్బు పట్టినప్పుడు ఎవరి కాయ పండి రాలిపోతా ఉంటే వాళ్ళ చేలోకేగా? నాది ముందు కొయ్యమని ఎవరన్నా అంటే ఊళ్ళో ఉమ్ముతారు. మరి మనం ఏం చేశాం?”

“మనిషి చేలో కాయ కాదే, మన పిల్ల.”

“యాదమ్మకి ఆయన కాయా?”

“నిన్ను ఈ మధ్య చూస్తన్నా ఇన్నమ్మా,” అన్నాడు మెల్లిగా. “కార్డొద్దంటావు. తొందరొద్దంటావు. నీకు దాని మాట కావాలా, దాని మాట రాకుండా ఉండటం కావాలా?”

ఇంతకాలం ఆయనకి తెలియదనుకున్నాను.

“అది పోతానంటే ఏం చేస్తావయ్యా?” అన్నాను.

పౌలీనా వింటోందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరం మంచం వంక చూశాం. కళ్ళు సగం తెరిచి పైకప్పు వంక ఉన్నాయి. నుదుటి మీద చెమట. పెట్టె హోరుమంటోంది.

జోజిరెడ్డి లేచి వెళ్ళి ఆమె నుదురు తుడిచాడు. “పోతానంటే అప్పుడు మాట్లాడుకుందాం,” అన్నాడు. నాతో అన్నాడో ఆమెతో అన్నాడో తెలియలేదు. “మాట్లాడుకోటానికన్నా మాట ఉండాలిగా.”

నేను తెర దగ్గరికి వెళ్ళి ‘ముడి విప్పు’ అని రాసి ఉన్న మీట నొక్కాను. నీలం గీత మాయమైపోయింది. దాని చోట ఎవరిదో పచ్చ గీత లేచింది. ఎవరి బిడ్డో, ఎవరి మొగుడో. నాకు ఒక్కసారిగా ఇల్లంతా ఖాళీ అయినట్టు అనిపించింది. కవరు ఇంకా బల్ల మీదే ఉంది. జోజిరెడ్డి దాన్ని రెండుసార్లు చేతిలోకి తీసుకుని రెండుసార్లు కింద పెట్టాడు. మర్నాడు బ్యాంకుకి వెళ్ళి నిధికి కట్టేశాడు. వచ్చాక అన్నం తినలేదు.

నేను విప్పేశానని గుంపులో మాట రికార్డు చేసి పెట్టాను. నర్సయ్య పేరు కూడా చెప్పాను. కొందరు విప్పారు. కొందరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కడపాయన “మీ ఇష్టం మీది, మా ఇష్టం మాది” అన్నాడు. యాదమ్మ ఏమీ అనలేదు.

కొన్నాళ్ళకి జల్లెడ బ్యాటరీ మార్చడానికి వకుళ వచ్చింది. గదిలోకి అడుగు పెడుతూనే “అబ్బా, ఏం వేడండీ ఇది!” అని చున్నీతో విసురుకుంది. మాకు అలవాటైపోయింది. పని అయ్యేసరికి పొద్దు వాలింది, గుంటూరు బస్సుకి ఇంకా టైముంది. మజ్జిగ ఇచ్చాను. గుడి గంట కొట్టింది. నేను చాప వంక చూసి ఊరుకున్నాను. పరాయి మనిషి ముందు ఏం బాగుంటుంది?

“మీ పూజ టైమేమో కదా? కానివ్వండి, నాకేం ఇబ్బంది లేదు,” అంది వకుళ. పలక ఒళ్ళో పెట్టుకుని ఏదో చూసుకుంటోంది.

మొదలుపెట్టాం. నేను ముందు సగం, జోజిరెడ్డి వెనక సగం. రెండు మూడు పూసలు దాటాయో లేదో వకుళ గ్లాసు కింద పెట్టేసింది.

“ఆగండి. రొద వస్తోంది.”

“స్టెబిలైజరా?” అన్నాడు జోజిరెడ్డి.

“కాదు. మీరు కానివ్వండి. ఇన్నమ్మ గారూ, చెప్పండి.”

చెప్పాను. వకుళ పలక మీదకి వంగిపోయింది. “మీరు మాట్లాడుతున్నంతసేపూ లేదు. మీరు ఆపబోతుంటే మొదలవుతోంది. జోజిరెడ్డి గారూ, ఈసారి మీరు అందుకోకండి. ఎవరూ మాట్లాడొద్దు.”

ముందు సగం చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆపాను. జోజిరెడ్డి పెదవులు బిగించుకున్నాడు. గదిలో పెట్టె హోరు తప్ప ఇంకేమీ లేదు. వకుళ పలక మా వైపు తిప్పింది. నీలం గీత గబగబా లేస్తోంది, పడుతోంది, లేస్తోంది. నా ఆఖరి మాట పూర్తి కాకముందే మొదలై, జోజిరెడ్డి చెబితే పట్టేదానికి సగం సమయంలోనే ఆగిపోయింది.

“ఇదేనండీ నేను రోజూ తీసి పారేసిన రొద,” అంది వకుళ. “మీరు ఏమీ జరగదన్నారు కదా?”

“జపమాల... జపమాల జరగటం ఏందమ్మా? రోజూ ఉండేదేగా?”

“ఇంత వేగంగా ఎందుకుంది?”

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. జోజిరెడ్డే చెప్పాడు. “దానికెప్పుడూ తొందరే మేడం. తొందరగా అయితే తొందరగా అన్నం పెట్టిద్దని.”

వకుళ ఆ రోజు బస్సు ఎక్కలేదు. మా ఊరి గుడికి వెళ్ళి ప్రార్థన పుస్తకం తెచ్చుకుని, ఆ వెనక సగంలో ప్రతి మాటా పలకలోకి ఎక్కించుకుంది. “ఇన్నాళ్ళూ తాళం లోపల ఏముందో తెలియకుండా తాళంచెవి వెతికాం,” అంది. “ఇప్పుడు లోపల ఏముందో తెలుసు. రోజూ అదే, అన్నేసి సార్లు. కోట్ల తాళంచెవుల్లో చాలావాటిని తిప్పి చూడకుండానే పారెయ్యొచ్చు.” అయినా ఒక్క పెట్టెతో అయ్యే పని కాదట. ముడి విప్పిన పెట్టెలన్నీ, చల్లటి గదిలో కొత్తగా పెట్టిన మిషనూ అందుకున్నాయి. ఎవరెవరి ఇళ్ళలోనో, ఎవరెవరి కరెంటు మీదో. అందులో ఒక్కరికి కూడా మా పౌలీనా ఎవరో తెలియదు.

వకుళ మళ్ళీ వచ్చింది మిట్టమధ్యాహ్నం. చిన్న స్పీకరు తెచ్చి మంచం పక్కన పెట్టింది. పౌలీనా పాత ఫోనులో ఉన్న మాటల్లోంచి ఆమె గొంతు తయారుచేశారట. దొరికిన తాళంచెవి పట్టిందో లేదో ఇప్పుడే తెలుస్తుందంది.

“మీరే అడగండి ఇన్నమ్మ గారూ. ఏదైనా అడగండి.”

తెల్లారి లేచినప్పట్నుంచీ అడగాల్సింది మనసులో అనుకుంటూనే ఉన్నాను. నొప్పిగా ఉందా అని అడుగుదామనుకున్నాను. ఉందంటే? భయంగా ఉందా అని అడుగుదామనుకున్నాను. ఆడపడుచు మాటకి నేను ఊరుకున్నందుకు కోపమా అని అడుగుదామనుకున్నాను. జోజిరెడ్డి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తడిగా ఉంది.

“పౌలీ,” అన్నాను. “ఏం కావాలమ్మా నీకు? ఏదైనా సరే చెప్పు. అమ్మ ఏమీ అనుకోదు.”

స్పీకరు పలకలేదు.

వకుళ పలక వంక చూసింది, మమ్మల్ని ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఫ్యాను తిరుగుతోంది. పెట్టె హోరుమని వేడి ఊదుతోంది. బయట కళ్ళంలో ఎవరో టార్పాలిన్ పట్టాలు దులుపుతున్నారు. తాళంచెవి పట్టలేదేమో. పట్టినా ఆమెకి మాట్లాడటం ఇష్టం లేదేమో. లేకపోతే చెప్పాల్సింది పెద్దదై, ఎలా చెప్పాలో తెలియక కూడబలుక్కుంటోందేమో. నన్ను పోనివ్వమ్మా. అదే. అదే అయ్యుంటుంది. నేను మంచం పట్టె పట్టుకున్నాను. ఆమె నుదుటి మీద చెమట బొట్టు ఒకటి జారి కనుబొమ దగ్గర ఆగింది. తుడవడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. వకుళ ఎత్తిన చెయ్యి మెల్లిగా దించేసింది.

అప్పుడు గరగరమంటూ, అరిగిపోయినట్టుగా, అయినా ముమ్మాటికీ మా పౌలీనా గొంతే వినపడింది.

“అమ్మా... ముందా పెట్టె ఆపి కూలరెయ్యవే. ఉడికి చస్తన్నా.”